మోటారు సైకిలు మొరాయించుట: కారణ విచారము



తర్కవ్యాకరణములు చదివి, బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి పొందిన పండితుడొకడు మోటారు సైకిలును గూర్చి మాటలాడ వచ్చినాడేమని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుటకు అభ్యంతరము లేదు. కాని వికారాబాదు మొదలు తాండూరు వరకు గల గ్రామములలో నేడు ఎద్దులబండి లేని ఇండ్లు అనేకములు గలవు గాని, మోటారు సైకిలు లేని ఇల్లు అరుదు. విత్తనములకు, ఎరువులకు, కంది మూట మార్కెట్టు చేర్చుటకు, రాత్రివేళ రోగిని ఆసుపత్రికి కొనిపోవుటకు అదియే వాహనము. నడుపువారు పిల్లలు. మరమ్మతునకు రూపాయలిచ్చువారు పెద్దలు. ఇచ్చువారికి దేనికిచ్చుచున్నామో తెలియుట న్యాయమని నా అభిప్రాయము.

ముందుగా ఒక మాట. 2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి మన దేశమున భారత్ స్టేజి 6 అను పొగ నియమములు అమలునకు వచ్చినవి. అది మొదలు క్రొత్తగా తయారగు మోటారు సైకిళ్లలో మిక్కిలి భాగమునకు కార్బురేటరు లేదు. దాని స్థానమున ఇంజెక్టరను పిచికారియు, దానిని ఆజ్ఞాపించు చిన్న గణనయంత్రమును వచ్చినవి. వాని రోగములు వేరు, వైద్యులును వేరు. నేను చెప్పునది అంతకు పూర్వపు బండ్లను గూర్చి. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100, 1994లో వచ్చిన స్ప్లెండరు, వాని వెంట వచ్చిన అనేక జాతుల బండ్లు మన పల్లెలలో నేటికిని తిరుగుచునే యున్నవి. వానికి కార్బురేటరే గుండెకాయ.

ఈ కార్బురేటరునకు చక్కని తెలుగు పేరొకటి కల్పింపుమని మిత్రుడొకడు నన్ను కోరెను. కల్పించుట కష్టము గాదు. కాని ఆ పేరు మెకానిక్కునకు తెలియదు, విడిభాగముల కొట్టువానికి తెలియదు. అట్టి పేరుతో నేనేమి చేసికొందును? కార్బురేటరనియే అందము.

అది చేయు పని యేమన, గాలిని పెట్రోలును తగుపాళ్లలో కలిపి ఇంజనునకు అందించుట. పెట్రోలు ద్రవరూపమున మండదు. ఆవిరియై గాలితో కలిసినపుడే మండును. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలయును. పెట్రోలు హెచ్చైన దానిని చిక్కని మిశ్రమమనియు, తగ్గిన పలుచని మిశ్రమమనియు నేను వ్యవహరింతును. మజ్జిగ చిక్కన, పలుచన యన్నట్లే.

కలుపు విధానము చిత్రమైనది. వెనుకటి రోజులలో దోమల మందు చల్లుటకు చేతిపంపు ఉండెడిది గదా. పిడిని త్రోసినపుడు గాలి సన్నని గొట్టపు మూతిమీదుగా వేగముగా పోవును. డబ్బాలోని మందు తనంత తానే పైకెగసి తుంపురులగును. ఇరుకుదారిని వేగముగా పోవు గాలికి ఒత్తిడి తగ్గుటయే దీనికి కారణము. డేనియల్ బెర్నౌలీ యను శాస్త్రజ్ఞుడు 1738లో ప్రకటించిన గ్రంథమున ఈ సూత్రమునకు మూలము గలదు. ఇటలీ దేశీయుడగు వెంటూరి 1797లో ఇరుకుగొట్టములను గూర్చి వ్రాసెను. కార్బురేటరు నడుమ సన్నబడిన కంఠమునకు నేటికిని ఆయన పేరే. 1893లో జర్మనీ దేశమున విల్హెల్మ్ మేబాక్ పెట్రోలును తుంపురులుగా చల్లు కార్బురేటరును నిర్మించెను. తాండూరు అంగడిలో ఈనాడు మీ కుమారుడు నిలుపు బండిలోనిది ఆ వంశమున పుట్టినదే.

దాని అడుగున ఒక చిన్న గిన్నె యుండును. అందులో ఫ్లోటు అను తేలెడు బెండు, దానికి ఆనుకొని ఒక సూది. ఇంటిమీది నీళ్ల తొట్టిలో బంతి పైకి లేచి నీటిని ఆపునట్లే, గిన్నె నిండగానే ఫ్లోటు లేచి పెట్రోలును ఆపును. గిన్నెలోని పెట్రోలు రెండు జెట్టుల గుండా పైకి పోవును. జెట్టనగా సన్నని రంధ్రము గల ఇత్తడి మర. స్లో జెట్టు బండి నిలుచుండి నెమ్మదిగా ఆడునపుడు పనిచేయును. దాని రంధ్రము అర మిల్లీమీటరు కూడ ఉండదు. మెయిన్ జెట్టు ఎక్సలేటరును బాగుగా త్రిప్పినపుడు పనిచేయును. ఈ రెంటికి నడుమ, మెయిన్ జెట్టు దారిలోనే పైకి క్రిందికి ఆడు కోసుగా చెక్కిన సూది యొకటి పాళ్లను సరిచూచును. ఫ్లోటు సూది వేరు, ఈ సూది వేరు. పేర్లు కలిసినవని భ్రమపడరాదు.

ఇంతమాత్రము తెలిసిన, బండి ఎప్పుడు మొరాయించుచున్నదో అడిగి ఎక్కడ మొరాయించుచున్నదో చెప్పవచ్చును. నిలుచున్న బండి ఆగిపోవుచు, పరుగునపుడు బాగుగా నుండిన స్లో జెట్టును అనుమానింపవలయును. ఊరిలో బాగుగా తిరిగి, అనంతగిరి ఘాటు ఎక్కునపుడు ఎక్సలేటరు నిండుగా త్రిప్పినను ఒగర్చుచుండిన మెయిన్ జెట్టును గాని, పెట్రోలు వచ్చు దారిని గాని చూడవలయును. నడిమి వేగమున మాత్రమే తబ్బిబ్బగుచున్నచో కోసు సూది. పెద్ద బండ్లు కొన్నింట ఈ సూదిని ఎత్తునది రబ్బరు పొర. దానికి సూదిమొనయంత చిల్లి పడినను పికప్ చచ్చును.

ఆంధ్రుడగు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును మాకు చిన్ననాడు చదివించిరి. అందులో అన్వయము, వ్యతిరేకము అను రెండు మాటలు గలవు. ఏది యుండగా ఫలముండునో చూచుట అన్వయము. ఏది లేనపుడు ఫలమును లేకపోవునో చూచుట వ్యతిరేకము. బండి విషయమున ఈ పరీక్షకు చోక్ మిక్కిలి అనుకూలమైన సాధనము. చోక్ వేసిన గాలి తగ్గి మిశ్రమము చిక్కనగును. వేడెక్కిన బండి మిస్సింగ్ కొట్టుచుండగా చోక్ కొంచెము వేయుడు. బాగుపడెనా, మిశ్రమము పలుచనై యున్నదని అర్థము: జెట్టులో చెత్త యడ్డుపడుటయో, పెట్రోలు సరిగా రాకపోవుటయో, కార్బురేటరునకు ఇంజనునకు నడుమ రబ్బరు పగిలి దొంగగాలి చొరుటయో కారణము. చోక్ వేయగనే మరింత చెడెనా, మిశ్రమము చిక్కనై యుండవచ్చును: ఫిల్టరు మూసికొనుటయో, ఫ్లోటు సూది కారుటయో, ఎవరో జెట్టును పెద్దది చేయుటయో. మార్పేమియు లేనిచో కార్బురేటరును విడిచి ప్లగ్గు వైపు నడువుడు. ఒక నిమిషపు పని, ఒక పైసా ఖర్చు లేదు. ఈ పరీక్ష చేయక బండి విప్పువాని చేతికి బండి ఇయ్యరాదు.

కొండమీద పొగను చూచి నిప్పును ఊహించుట తర్కమున ప్రసిద్ధమైన దృష్టాంతము. వానకాలపు ఉదయమున అనంతగిరిమీద లేచు మంచును పొగయని భ్రమించి నిప్పును ఊహించినవాడు హేత్వాభాసమున పడినట్లు. సైలెన్సరు పొగ విషయమున ఈ భ్రాంతి నిత్యము జరుగుచున్నది. చలికాలపు ఉదయమున కొంతసేపు తెల్లని ఆవిరి వచ్చుట రోగము కాదు, నీటి ఆవిరి మాత్రమే. నల్లని పొగ వచ్చిన పెట్రోలు హెచ్చు. నీలిపొగ వచ్చిన ఇంజను నూనె మండుచున్నది. దానికి కార్బురేటరును ఎన్నిమార్లు కడిగినను ప్రయోజనము లేదు, పిస్టను రింగులనో వాల్వు సీళ్లనో చూడవలయును. నీలిపొగ బండిని కార్బురేటరు కొరకు విప్పించి డబ్బు పోగొట్టుకొనినవారిని నేను పలువురిని చూచితిని.

ప్లగ్గు కూడ సాక్షియే. కొంతదూరము నడిపి, ఇంజను చల్లారనిచ్చి ప్లగ్గు విప్పి మొన చూడుడు. ఇటుకపొడి వంటి లేత గోధుమరంగున నుండిన పాళ్లు సరిగా నున్నవి. మసిపట్టి నల్లగా నుండిన చిక్కన. సున్నము పూసినట్లు తెల్లగా నుండిన పలుచన. పలుచని మిశ్రమమును తక్కువగా నెంచరాదు. మైలేజి పెరిగినదని పిల్లలు సంతోషింతురు గాని, ఇంజను మితిమీరి వేడెక్కి పిస్టను పట్టుకొనుట వరకు పోవచ్చును.

మరియొక భేదము. నిప్పురవ్వ తప్పినపుడు బండి ఎవరో గొంతు పట్టినట్లు ఒక్కపెట్టున ఆగును, మరల ఒక్కపెట్టున అందుకొనును. పెట్రోలు తక్కువైనపుడు దీపములో నూనె తరిగినట్లు క్రమక్రమముగా నీరసించును. వానలో తడిసిన తరువాతనే మిస్సింగ్ వచ్చుచున్నచో ప్లగ్గు టోపీ, తీగ చూడవలయును. వేడెక్కినపుడే స్టార్టగుట కష్టమైనచో టాపెట్ల సందు బిగిసినదేమో చూపింపవలయును.

ఇప్పుడు ఒక ఉదాహరణము చెప్పెదను.

తాండూరు దారిలో ఒక పల్లెయందు నా పూర్వశిష్యుడు కంది పండించును; పంట లేని దినములలో నాపరాళ్ల పాలిషు యంత్రముల యొద్ద కూలికి పోవును. అతని తల్లికి మూత్రపిండముల వ్యాధి. వారమునకు రెండుమార్లు రక్తశుద్ధి చికిత్సకు ఆమెను బండిపై తీసికొనిపోవలయును. ఒకనాడు బండి నడిదారిలో ఆగి, ఆ ముసలితల్లి ఎండలో గంటకు పైగా కంకరకుప్పపై కూర్చుండెనట. చికిత్స వేళ తప్పిపోయి మరునాటికి వాయిదా పడెను. చికిత్స ఒక దినము ఆలస్యమైన ఆ వ్యాధిగ్రస్తులకు కాళ్లు వాచి ఊపిరి ఆడకుండుట కలదు. ఆ రాత్రి ఆమె పండుకొనలేక గోడకానుకొని కూర్చుండెనని అతడు చెప్పుచు కంటతడి పెట్టెను.

“సారూ, బండి మంచిగనే పోతది. నాలుగైదు కిలోమీటర్లు పోయినంక గుంజుకుంట గుంజుకుంట బందయితది. జరసేపు నిలవెడితే మళ్ల లేస్తది. రెండుసార్లు కార్బురేటరు కడిగిచ్చిన. ఇప్పుడు కొత్తదే ఎయ్యాలంటున్నరు” అనెను.

“ట్యాంకు నిండుగ ఉన్ననాడు ఎంతదూరం పోతది బిడ్డా?” అని అడిగితిని.

అతడు కొంచెమాలోచించి, “అదే సారూ సమజయితలేదు. నిండ పోయిచ్చిననాడు రెండు కిలోమీటర్లకే ఆగుతది. సగమున్ననాడే ఇంకింత దూరం పోతది” అనెను.

“ఆగినప్పుడు ట్యాంకు మూత తీసి చూస్తవా?”

“పెట్రోలున్నదా అని తీసి చూస్త. తీసినంక లేస్తది.”

ఇక విప్పవలసినది ఏమున్నది? మీ ఇండ్లలో ఆడువారినడిగిన చెప్పుదురు. నూనె డబ్బాకు ఒకేయొక రంధ్రము పొడిచిన నూనె బుడబుడమని ఆగి ఆగి వచ్చును. రెండవ రంధ్రము పొడిచిన ధారగా వచ్చును. నూనె బయటికి వచ్చినంత గాలి లోనికి పోవలయును. బండి ట్యాంకునకు ఆ రెండవ రంధ్రము మూతలో నుండును. అది మూసికొనిన, పెట్రోలు తరిగినకొలది లోపల ఒత్తిడి తగ్గి, పెట్రోలు క్రిందికి దిగదు. ట్యాంకు నిండుగా ఉన్ననాడు పైని గాలి కొంచెమే గనుక ఒత్తిడి త్వరగా పడిపోవును. సగమున్ననాడు గాలి చోటు ఎక్కువ గనుక మరికొంత దూరము సాగును. నిలిపియుంచిన సందుల గుండా గాలి మెల్లగా చేరును, బండి మరల లేచును. మూత తీసిన వెంటనే లేచును. అతడు నాకు చెప్పిన లక్షణములన్నియు ఒక్క కారణమునకే సాక్ష్యములు.

మూత విప్పించి చూచితిమి. రాళ్లను కోయు యంత్రముల దుమ్ము వాననీటితో కలిసి, సున్నపురాయి గదా, గచ్చువలె గట్టిపడి ఆ రంధ్రమును మూసియుండెను. వేడినీటిలో నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టి, ఎండబెట్టి బిగించిరి. క్రొత్త కార్బురేటరు కొనలేదు. ఆ తల్లి చికిత్సకు వేళకు చేరుచున్నది.

ఆ మెకానిక్కును నేను నిందింపను. అతనికి తీరిక లేదు. ముంగిట పది బండ్లు నిలిచియుండును. “కార్బురేటరు కడుగు” అని చెప్పినవారే బండిగలవారు. రోగి తానే మందు పేరు చెప్పి అడిగిన వైద్యుడేమి చేయును? పెట్రోలు ట్యాంకు నిండుగా ఉన్ననాడు ఒకటి, సగమున్ననాడు ఒకటి జరుగుచున్నదని అతనికెవరును చెప్పలేదు. కావున బండి నిచ్చునపుడు మందు పేరు చెప్పక లక్షణములు చెప్పుడు: చల్లగా ఉన్నపుడా, వేడెక్కినపుడా, నిలుచున్నపుడా, ఎత్తెక్కునపుడా, వానలోనా, ఎండలోనా, ఎన్ని కిలోమీటర్లకు, ఏమి చేసిన బాగుపడుచున్నది.

దుమ్ము మాట వచ్చినది గనుక మరికొంత చెప్పవలయును. తాండూరు బండలు దేశదేశములకు పోవుచున్నవి. వాని దుమ్ము మాత్రము మనకు మిగిలినది. ఆ దుమ్ము మొదట చేరునది గాలి ఫిల్టరునకు. స్పాంజి ఫిల్టరైనచో సబ్బునీటనో కిరసనాయిలులోనో కడిగి, ఆరబెట్టి, కొంచెము నూనె తడిపి పిండి పెట్టవచ్చును. కాగితపు ఫిల్టరును కడుగరాదు, మార్చవలయును. కంపెనీ పుస్తకమున మార్పునకు వ్రాసిన దూరము మంచి రోడ్లను తలచి వ్రాసినది. రాళ్ల పని దగ్గర తిరుగు బండికి అంతకంటె ముందే మార్చుట మేలు. కొందరు కుర్రవాండ్రు ఫిల్టరు తీసివేసిన బండి చురుకుగా పోవునని తీసి పారవేయుదురు. ఆ రాతిపొడి నేరుగా సిలిండరులో చేరి ఆకురాయివలె అరగదీయును. కొలదికాలమునకే నీలిపొగ. నూరు రూపాయల ఫిల్టరు మిగిల్చి వేలరూపాయల బోరు పని తెచ్చుకొనుట.

పంటపనుల రోజులలో రెండుమూడు నెలలు బండిని కొట్టములో ఊరక నిలుపుట కలదు. అప్పుడు గిన్నెలోని పెట్రోలు ఆవిరియై, అడుగున జిగురు మిగిలి, స్లో జెట్టు రంధ్రమును మూయును. నిలుపుటకు ముందు ట్యాంకు క్రింది కాకును కట్టివేసి, బండి తనంత తాను ఆగువరకు ఆడింపుడు. గిన్నె ఖాళీయగును, జిగురు పట్టదు. ఏటికొకమారు కాకు వద్ద పెట్రోలును తెల్లని సీసాలో పట్టి చూచుటయు మంచిది. అడుగున వేరొక పొరగా నీరు గాని, త్రుప్పు గాని కనబడిన రోగము ట్యాంకులోనే యున్నది.

నేటి పెట్రోలు వెనుకటి పెట్రోలు కాదు. 2023 ఫిబ్రవరిలో 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకము మన దేశమున ప్రారంభమయ్యెను. 2025 నాటికి అది దేశమంతట వ్యాపించెను. చెరకు, ధాన్యముల నుండి తీయు ఈ సారమునందే కొంత ప్రాణవాయువు ఉన్నందున, ఇది మండుటకు తక్కువ గాలి చాలును: 14.7 పాళ్లకు బదులు సుమారు పదమూడున్నర. జెట్టు రంధ్రము మాత్రము పాతకొలతదే. కావున పాత కార్బురేటరు బండి ఈ పెట్రోలుతో కొంత పలుచనగా నడుచును, మైలేజియు కొంత తగ్గును. ఇదివరకే కొంచెము పలుచనగా ఉన్న బండి ఇప్పుడు బాహాటముగా మిస్సింగ్ కొట్టును. అదిగాక ఇథనాలు నీటిని పీల్చును, పాత ట్యాంకు గోడలకు అంటిన మడ్డిని కరగించి కార్బురేటరునకు తెచ్చును, దానికి తగని పాత రబ్బరు భాగములను ఉబ్బించును. ట్యాంకు నుండి వచ్చు రబ్బరు గొట్టము మెత్తబడినను పగిలినను ఆలసింపక మార్చుడు.

జెట్టును ఇనుపతీగతో గాని, కుట్టు సూదితో గాని పొడువరాదు. ఇత్తడి మెత్తనిది, వెంట్రుకవాసి పెద్దదైనను చాలు, బండి ఎల్లకాలము పెట్రోలు త్రాగును. కార్బురేటరు కడుగు మందు చల్లి గాలి కొట్టుటయే పద్ధతి. అట్లే గాలిమరను త్రిప్పుటకు ముందు, అది పూర్తిగా బిగియుటకు ఎన్ని చుట్లు పట్టినదో లెక్కించి వ్రాసికొనవలయును. చెడినపుడు పూర్వస్థితికి తేవచ్చును. ఆ మర ఫిల్టరు వైపున ఉండిన సాధారణముగా గాలిని, ఇంజను వైపున ఉండిన పెట్రోలును సవరించును. కావున ఒకదానిలో బిగించిన చిక్కన, రెండవదానిలో బిగించిన పలుచన. ఈ భేదము తెలియక చేయి పెట్టువారివలన చెడిన బండ్లు, తమంత తాము చెడిన బండ్లకంటె ఎక్కువ.

ట్యాంకులో పెట్రోలు తీయుటకు నోటితో గొట్టము పీల్చు అలవాటు మన పల్లెలలో నున్నది. దానిని మాన్పింపుడు. ఒక్క గ్రుక్క ఊపిరితిత్తులలోనికి జారినను ప్రాణాపాయము. కార్బురేటరు విప్పుచోట బీడీ, పొయ్యి, దీపము ఉండరాదు. తలుపులు మూసిన కొట్టములో బండిని ఆడింపరాదు. ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు, మనిషి నిద్రపోయినట్లే పోవును.

ఇక ఒకటి మిగిలినది. ఉదయమున బండి క్రింద పెట్రోలు మరక కనబడినను, కార్బురేటరు గొట్టము నుండి బొట్లు పడుచున్నను, ఫ్లోటు సూది మూయుట లేదన్నమాట. అట్టి బండికి వెంటనే కాకు కట్టివేయుడు. పెట్రోలు నేలపై పడుటయే గాక ఇంజనులోనికి దిగి నూనెలో కలియవచ్చును. నూనె చూచు పుల్లను తీసి వాసన చూడుడు. పెట్రోలు వాసన కొట్టినను, నూనెమట్టము పోసినదానికంటె పెరిగియున్నను, కిక్కు కొట్టకుండ బండిని నడిపించుకొని మెకానిక్కు కడకు పోవలయును. ఫ్లోటు సూదియు, నూనెయు రెండును మార్చిన పిమ్మటనే దానిని స్టార్టు చేయవలయును.